మార్చినది ఇంజినా, మాట మాత్రమేనా?

మా ఇంటి కారు ఇరవై రోజులు షెడ్డులో ఉండి తిరిగి వచ్చింది. ఇంజినే మార్చేశానని చెప్పిన మెకానిక్‌కు, అమ్మాయి పెళ్లికి దాచిన సొమ్ములో నుండి డబ్బు చెల్లించాము. బానెట్ ఎత్తితే ఇంజిన్ తళతళలాడుతోంది. అయితే కడిగినంత మాత్రాన పాతది కొత్తది కాదు. అలాగని ఆధారం లేకుండా ఒక పనివాణ్ణి మోసగాడనడమూ న్యాయం కాదు. అందుకే ముందుగా పరిశీలించాము.

ఇంజిన్ బ్లాకుపై చెక్కి ఉండే నంబరే ఆర్‌సీలోనూ నమోదై ఉంటుంది. రెంటినీ పోల్చాము. ఒక్క అంకె కూడా తేడా లేదు. విడి భాగాల బిల్లు అడిగాము, పాత ఇంజిన్ చూపమన్నాము. అప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు. అతడు బోరు చేయించి, పిస్టన్లు, రింగులు మాత్రమే మార్చాడు. అదీ అవసరమైన పనే. కాని దానికి కొత్త ఇంజిన్ ధర తీసుకోవడం తగదు. తేడా సొమ్ము తిరిగి ఇచ్చాడు.

కొన్ని కొత్త బ్లాకులు నంబరు లేకుండానే వస్తాయి. కనుక నంబరుతో పాటు బిల్లు కూడా చూడాలి. అమర్చిన ఇంజిన్‌పై నంబరును అరగదీసినట్లుంటే, అది దొంగ బండిది కావచ్చు.

నంబరు నిజంగా మారితే మన బాధ్యత మొదలవుతుంది. ముందస్తు అనుమతి లేకుండా ఇంజిన్ మార్పించిన యజమాని 14 రోజులలోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది.

బండి అప్పగించే ముందే, మెకానిక్ ఎదుటనే ఇంజిన్ నంబరును ఫోటో తీసి ఉంచుకుందాం. నిజాయితీపరుడు దానికి నొచ్చుకోడు.