వృద్ధాప్యంలో అడుగు తూలుట – నడక సాధన

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వృద్ధులు "అడుగు తూలుచున్నది, ఏదైనా తైలం చెప్పండి" అని నన్ను తరచుగా అడుగుదురు. పాదాలకు తైలమర్దనం విశేషంగా చేయవలెనని అష్టాంగహృదయంలో వాగ్భటుడు చెప్పెను. మర్దనంతో బిగుసుకొన్న కండరాలు సడలును. కాని నిలకడ సాధనతోనే వచ్చును. పడిపోదుమన్న భయంతో కూర్చుండిపోయిన కొలది కాళ్లు మరింత బలహీనపడును.

గోడకు ఆనించిన కుర్చీ నుండి ప్రతిదినం 10 సార్లు మెల్లగా లేచి కూర్చొనవలెను. పిదప బరువైన బల్ల పట్టుకొని, ఒక్కొక్క కాలిపై 10 సెకండ్లు నిలువవలెను. ప్రక్కన ఒకరు తోడుండవలెను. వ్యాయామంతో వృద్ధులు పడిపోవుట సుమారు 23 శాతం తగ్గునని 2019 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చినది.

నూనె పాదాలతో తడి గచ్చుపై నడువరాదు. హఠాత్తుగా మాట తడబడినను, ఒక ప్రక్క చేయి, కాలు పట్టుతప్పినను గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.