ఏడాది పొడవునా ఆరుబయట గుర్రాల పోషణ: శీతల దేశాల అనుభవం, శరీరధర్మ వివరణ

రష్యాలోని యాకుతియా ప్రాంతంలో శీతాకాలపు ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోవడం అరుదైన విషయం కాదు. అక్కడి యాకుత్ జాతి గుర్రాలకు అశ్వశాల అంటూ ఏదీ లేదు. అవి ఏడాది పొడవునా బయళ్ళలోనే సంచరిస్తూ, ముంగాళ్ళ గిట్టలతో మంచును తవ్వి, దాని అడుగున ఎండిపోయిన గడ్డిని మేస్తాయి. నీటికి బదులు మంచునే తింటాయి. ఈ గుర్రాలు ఆ నేలపై అనాదిగా ఉన్నవి కూడా కావు. 2015లో వెలువడిన జన్యుక్రమ అధ్యయనం ప్రకారం ఇవి ఆ ప్రాంతపు ప్రాచీన గుర్రాల సంతతి కాక, 13-15 శతాబ్దాల మధ్య యాకుత్ ప్రజలు దక్షిణం నుండి వలస వచ్చినప్పుడు వారితోపాటు వచ్చినవి. సుమారు వంద తరాలలోనే పొట్టి కాళ్ళు, బలిష్ఠమైన శరీరం, దట్టమైన శీతాకాలపు రోమకవచం వీటికి స్థిరపడ్డాయి.

యాకుత్ గుర్రం ఒక విపరీత ఉదాహరణ. అయితే ఐస్‌లాండ్, నార్వే, స్వీడన్, కెనడా దేశాలలో సాధారణ జాతుల గుర్రాలను సైతం శీతాకాలమంతా ఆరుబయట ఉంచి పోషించే పద్ధతి చిరకాలంగా అమలులో ఉంది. దీనిని గురించి చదివే విద్యార్థి రెండు విధాలుగా పొరబడే అవకాశం ఉంది. మనకు చలి వేస్తున్నది కనుక గుర్రానికీ వేస్తుందని భావించి, దానిని మూసి ఉన్న శాలలో బంధించడం మొదటిది. గుర్రం మొండి జంతువు కనుక ఏమీ కాదని వదిలివేయడం రెండవది. మొదటి పొరపాటు వలన దుమ్ము, బూజు, అమ్మోనియా నిండిన గాలిలో ఊపిరితిత్తుల వ్యాధులు, కదలిక లేకపోవడం వలన కడుపునొప్పి సంభవిస్తాయి. రెండవదాని వలన గుర్రం నెమ్మదిగా, ఎవరికీ కనబడకుండా చిక్కిపోతుంది. గుర్రం శరీరంలో వేడి ఎక్కడ పుడుతున్నది, ఏ మార్గాన పోతున్నది అన్న లెక్క తెలిస్తే ఈ రెండు పొరపాట్లనూ నివారించవచ్చు.

ఉష్ణ తటస్థ పరిధి

వయోజన గుర్రపు సాధారణ శరీర ఉష్ణోగ్రత 37.5 నుండి 38.5 డిగ్రీల మధ్య ఉంటుంది. బయటి ఉష్ణోగ్రత ఒక పరిధిలో ఉన్నంత కాలం ఈ స్థాయిని నిలుపుకోవడానికి గుర్రం అదనపు శక్తిని వ్యయం చేయనవసరం లేదు. దీనినే ఉష్ణ తటస్థ పరిధి అంటారు. స్వీడన్‌లో శాలలలో పెరిగిన గుర్రాలపై జరిగిన పరిశోధనలో ఇది సుమారు 5 నుండి 25 డిగ్రీల వరకు ఉన్నట్లు గుర్తించారు. మనిషి వస్త్రాలు లేకుండా సుఖంగా ఉండగల ఉష్ణోగ్రతతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కనుక శాలలోకి అడుగుపెట్టిన యజమానికి హాయిగా అనిపించే వెచ్చదనం గుర్రానికి అవసరమైనది కాదు.

ఈ పరిధి అడుగు హద్దును దిగువ సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. ఇది స్థిరమైన అంకె కాదు. కెనడాలో శీతలానికి అలవాటుపడిన వయోజన గుర్రాలలో ఇది మైనస్ 15 డిగ్రీల వరకు దిగినట్లు కనుగొన్నారు. ఈ అలవాటు పడడానికి సుమారు రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి వెచ్చని శాలలో ఉన్న గుర్రాన్ని నడిశీతాకాలంలో ఒక్కసారిగా బయటికి తోలడం తగదు. వేసవి చివరి నుండే బయట ఉంచి, చలితోపాటు దాని శరీరం మారే అవకాశం ఇవ్వాలి. లేత పిల్లలు, ముసలి గుర్రాలు, చిక్కినవి, వ్యాధిగ్రస్తమైనవి ఈ లెక్కలోకి రావు. వాటి హద్దు ఎంతో పైన ఉంటుంది.

దిగువ సందిగ్ధ ఉష్ణోగ్రత కంటే ప్రతి ఒక్క డిగ్రీ తగ్గుదలకు వయోజన గుర్రానికి నిర్వహణ శక్తి సుమారు 2.5 శాతం అదనంగా కావాలన్నది పోషణ ప్రమాణాలలో అంగీకృతమైన అంచనా. 500 కిలోల గుర్రానికి పని లేనప్పుడు రోజుకు సుమారు 16.7 మెగా కేలరీల జీర్ణశక్తి అవసరమవుతుంది. మైనస్ 15 హద్దు గల గుర్రం మైనస్ 25 డిగ్రీల చలిలో ఉన్నదనుకుంటే, పది డిగ్రీల తేడాకు 25 శాతం, అంటే సుమారు 4.2 మెగా కేలరీలు అదనంగా కావాలి. మధ్యరకం ఎండుగడ్డి కిలోకు దాదాపు 1.8 నుండి 2 మెగా కేలరీలు ఇస్తుంది. కనుక రెండు కిలోలకు కాస్త పైగా గడ్డి పెంచితే సరిపోతుంది. అంత చలికి ఇంత స్వల్పమైన పెంపా అని విద్యార్థులకు ఆశ్చర్యం కలగవచ్చు. గుర్రం ఒళ్ళు పొడిగా ఉండి, గాలి తగలని చోటు దొరికినప్పుడే ఈ అంకె వర్తిస్తుంది.

కొలిమి పెద్దపేగులోనే

చలి పెరిగిన రోజున ఓట్లు, మొక్కజొన్న వంటి గింజల దాణా ఎక్కువగా పెట్టడం చాలామంది పోషకులకు సహజంగా తోచే ఉపాయం. ఇది సరైనది కాదు. గింజలలోని పిండిపదార్థం చిన్నపేగులో ఎంజైముల వలన జీర్ణమవుతుంది. ఈ క్రమంలో పుట్టే వేడి తక్కువ. పీచు పదార్థం మాత్రం అంధనాళంలోను, పెద్దపేగులోను సూక్ష్మజీవుల వలన గంటల తరబడి పులుస్తుంది. ఈ కిణ్వ ప్రక్రియలో వెలువడే వేడి గుర్రాన్ని లోపలి నుండే వెచ్చగా ఉంచుతుంది. మనం పశువుల ఎరువు కుప్పలో చేయి పెట్టినప్పుడు తగిలే వేడి వంటిదే ఇది. పైగా గింజల మోతాదు ఒక్కసారిగా పెంచితే జీర్ణం కాని పిండి పెద్దపేగుకు చేరి, ఆమ్లత పెరిగి, కడుపునొప్పికీ, గిట్టలలోని మృదుపొరల వాపు అయిన లామినైటిస్‌కూ దారితీయవచ్చు.

కావున ఆరుబయటి గుర్రానికి ప్రధాన ఇంధనం ఎండుగడ్డి. శరీర బరువులో రోజుకు కనీసం 1.5 శాతం పొడి పదార్థం గడ్డి రూపంలో అందాలి. చలి తీవ్రమైన రోజులలో ఎంత తినగలిగితే అంత అందుబాటులో ఉంచడం మేలు. సహజ స్థితిలో గుర్రం రోజుకు 12 నుండి 16 గంటలు మేస్తుంది. దాని జీర్ణాశయంలో ఆమ్లం నిరంతరాయంగా స్రవిస్తూ ఉంటుంది. రాత్రంతా ఖాళీ గాడి ముందు నిలబడిన గుర్రం చలికి గురికావడమే కాక, జీర్ణాశయపు పుండ్లకు కూడా గురవుతుంది.

నీటి విషయంలో యాకుత్ గుర్రాన్ని ఆదర్శంగా తీసుకోరాదు. ఎండుగడ్డి తినే గుర్రం తగినంత నీరు త్రాగకపోతే పెద్దపేగులో మేత గట్టిపడి అడ్డుపడుతుంది. శీతాకాలపు కడుపునొప్పికి ఇది ఒక ముఖ్య కారణం. బయటి చలిలో గుర్రాలు గడ్డకట్టబోయే నీటి కంటే గోరువెచ్చని నీటిని ఎక్కువగా త్రాగుతాయని పరిశోధనలలో తేలింది. అందుకే శీతల దేశాలలో తొట్టె నీరు గడ్డకట్టకుండా విద్యుత్ హీటర్లు అమర్చుతారు.

రోమకవచం, వర్షం, గాలి

గుర్రానికి శీతాకాలపు రోమాలు చలి మొదలయ్యాక పుట్టవు. వేసవి అయనాంతం దాటి పగటి నిడివి తగ్గనారంభించగానే, మెలటోనిన్, ప్రొలాక్టిన్ హార్మోన్ల మార్పులతో వాటి పెరుగుదల ప్రారంభమవుతుంది. శీతాకాల అయనాంతం తరువాత పగలు పెరిగే కొద్దీ అవి రాలిపోవడం మొదలవుతుంది. రాత్రి పొద్దుపోయే వరకు విద్యుద్దీపాలు వెలిగే శాలలోని గుర్రానికి ఈ సంకేతం సరిగా అందక రోమకవచం పలచగా ఉండిపోతుంది. అటువంటి గుర్రాన్ని బయట పెరిగినదానితో సమానంగా చూడరాదు.

చలి తగిలినప్పుడు రోమాల కుదుళ్ళలోని సూక్ష్మ కండరాలు వాటిని నిక్కబొడిచేట్లు చేస్తాయి. రోమాల మధ్య నిలిచిన గాలి పొరయే అసలైన రక్షణ. గుర్రం వీపుపై పడిన మంచు కరగకుండా నిలిచి ఉన్నదంటే లోపలి వేడి బయటికి పోవడం లేదని అర్థం. వర్షం ఈ గాలి పొరను నాశనం చేస్తుంది. తడిసిన రోమాలు చర్మానికి అంటుకుంటాయి, గాలి వీస్తే వేడి వేగంగా హరించుకుపోతుంది. గాలిలేని మైనస్ 10 డిగ్రీల పొడి రోజు కంటే, 3 డిగ్రీల వద్ద ఈదురుగాలితో కూడిన వాన గుర్రానికి ఎక్కువ ప్రమాదకరం. కేవలం ఉష్ణమాపకాన్ని చూసి నిర్ణయాలు తీసుకునే యజమాని ఇక్కడే దెబ్బతింటాడు.

ఈ విషయాన్ని గుర్రాల చేతనే చెప్పించిన ప్రయోగం ఒకటి 2016లో నార్వే నుండి ప్రచురితమైంది. 23 గుర్రాలకు మూడు చిహ్నాలను గుర్తించడం నేర్పారు. ఒకదానిని ముట్టితే కంబళి కప్పుతారు, మరొకదానిని ముట్టితే తీసివేస్తారు, మూడవదానిని ముట్టితే ఉన్న స్థితి కొనసాగుతుంది. గుర్రాలన్నీ రెండు వారాలలో ఈ విద్య నేర్చాయి. వాతావరణం బాగున్న రోజులలో అవి కంబళి లేకుండా ఉండడానికి మొగ్గు చూపాయి. తడి, గాలి, చలి కలిసిన రోజులలో కంబళి కోరాయి. పశువుల అభీష్టాన్ని ఇంత సూటిగా అడిగి తెలుసుకున్న ప్రయోగాలు అరుదు.

ఆరుబయట పోషణకు కావలసిన నిర్మాణం దీనినిబట్టి నిర్ణయమవుతుంది. గాలి వీచే దిశకు అడ్డుగా మూడువైపుల గోడ, పైకప్పు, పొడిగా ఉండే నేల గల పాక చాలు. నాలుగవ వైపు తెరచి ఉండాలి. మందలోని బలమైన గుర్రం బలహీనమైన దానిని లోపలికి రానివ్వకపోవచ్చు కనుక ప్రవేశం వెడల్పుగా ఉండాలి. మేత, నీరు ఉన్నచోట నేల త్వరగా బురదగా మారుతుంది. ఎడతెగని బురద వలన గిట్టల అడుగుభాగం కుళ్ళుతుంది, చీలమండల చర్మం పగులుతుంది. మేత స్థలాన్ని తరచు మార్చడం లేదా అక్కడ గులకరాళ్ళు పరచడం దీనికి పరిష్కారం.

కన్ను కాదు, చేయి

దట్టమైన రోమకవచం ఎంత ఉపయోగకరమో అంత మోసకరం కూడా. దూరం నుండి బొద్దుగా కనబడే గుర్రం రోమాల క్రింద పక్కటెముకలు తేలి ఉండవచ్చు. వసంతంలో రోమాలు రాలిన తరువాత గానీ యజమానికి నష్టం తెలియదు. 1983లో హెన్నెకె, సహపరిశోధకులు రూపొందించిన 1 నుండి 9 వరకు గల శరీర స్థితి సూచిక ఇందుకే నేటికీ ప్రామాణికంగా ఉంది. మెడ, మూపు, భుజం వెనుక భాగం, పక్కటెముకలు, నడుము, తోక మొదలు అనే ఆరు చోట్ల చేత్తో నొక్కి కొవ్వును అంచనా వేయాలి. శీతాకాలంలోకి ప్రవేశించే గుర్రం 5 లేదా 6 స్థాయిలో ఉండడం అభిలషణీయం. కనీసం రెండు మూడు వారాలకు ఒకసారి ఈ పరీక్ష జరపాలి.

పొదుపరి జాతుల విషయంలో తద్విరుద్ధమైన చిక్కు ఎదురవుతుంది. షెట్లాండ్ పోనీలపై జర్మనీలో జరిగిన అధ్యయనాలలో, శీతాకాలంలో మేత తగ్గినప్పుడు అవి తమ కదలికలను, శరీర ఉష్ణోగ్రతను కొంత తగ్గించుకొని శక్తిని ఆదా చేసినట్లు తేలింది. ఇటువంటి జాతులను శీతాకాలమంతా గింజలతో మేపి, వసంతంలో చక్కెరలు నిండిన లేత పచ్చికపై వదిలితే లామినైటిస్ తప్పదు. చలికాలంలో కొద్దిగా తగ్గి, వేసవిలో పుంజుకోవడం వాటి సహజ చక్రం.

దక్కను నేలపై ఇదే లెక్క

తెలుగు రాష్ట్రాలలో సమస్య చలి కాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ప్రాంతంలో గుర్రం ఎదుర్కొనేది ఉష్ణ తటస్థ పరిధి పై హద్దును. ఇక్కడ పైన చెప్పిన సూత్రాలన్నీ తలక్రిందులవుతాయి. శీతల దేశంలో వరమైన కిణ్వ ప్రక్రియ వేడి ఇక్కడ భారమవుతుంది. కనుక గడ్డిలో అధిక భాగాన్ని రాత్రి, తెల్లవారుజామున వేయాలి. అక్కడ శత్రువైన గాలి ఇక్కడ మిత్రుడు. పాకకు గోడలు వద్దు, ఎత్తైన కప్పు చాలు. వేప, చింత, కానుగ చెట్ల నీడ అంతకంటే మేలు. గుర్రం చెమటలో మనిషి చెమట కంటే లవణాల సాంద్రత అధికం కనుక ఉప్పు దిమ్మె ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి. చల్లని రోజున సుమారు 25 లీటర్ల నీటితో సరిపెట్టుకునే 500 కిలోల గుర్రానికి వేసవిలో అంతకు రెట్టింపు అవసరం కావచ్చు.

కీటకాల సంగతి వేరు. ఐస్‌లాండ్ గుర్రాల అనుభవం ఇక్కడ గమనార్హం. ఆ దీవిలో చలిని లక్ష్యపెట్టని ఆ గుర్రాలే ఇతర దేశాలకు ఎగుమతి అయిన తరువాత క్యూలికాయిడిస్ అనే సన్నని కుట్టు ఈగల వలన తీవ్రమైన చర్మపు దురదకు గురవుతాయి. ఐస్‌లాండ్‌లో ఆ వ్యాధిని కలిగించే ఈగలు లేకపోవడమే దీనికి కారణం. యాకుతియాలో సైతం వేసవి దోమల నుండి కాపాడుకోవడానికి పశువుల వద్ద పొగ వేస్తారు. మన పశువుల కొట్టాలలో సాయంత్రం వేప ఆకుల పొగ వేయడం వంటిదే అది. మన ప్రాంతంలో వర్షాకాలంలో, ఆ తరువాత విజృంభించే జోరీగలు గుర్రాలకు సర్రా వ్యాధిని సంక్రమింపజేస్తాయి. విడిచి విడిచి వచ్చే జ్వరం, రక్తహీనత, పొట్ట అడుగున, కాళ్ళలో నీరు చేరడం, వెనుక కాళ్ళ తూలుడు దీని లక్షణాలు. మేత బాగా తింటూ కూడా చిక్కిపోతున్న ఆరుబయటి గుర్రానికి దాణా పెంచే ముందు రక్తపు పూత పరీక్ష జరిపించాలి.

మన పట్టణాల శివార్లలో పెళ్ళి ఊరేగింపులకోసం గుర్రాలను పోషించేవారిలో కొందరికి శాల కట్టే స్తోమత లేదు. వారి గుర్రాలు పొట్టి పలుపుతో రోడ్డు వార స్తంభానికి కట్టబడి, ఏడాది పొడవునా బయటే ఉంటాయి. ఇది ఈ వ్యాసంలో వివరించిన ఆరుబయటి పోషణ కాదు. కట్టివేసిన గుర్రం నీడ జరిగినప్పుడు తాను జరగలేదు, ఈగల నుండి తప్పించుకోలేదు, పొడినేల వెతుక్కోలేదు. అటువంటి పోషకుని వద్దకు వెళ్ళిన విస్తరణ శాస్త్రవేత్త శాల కట్టమని సలహా ఇస్తే అది అమలు కాదు. మధ్యాహ్నం మూడు గంటలకు ఆ గుర్రంపై ఎండ పడుతున్నదా, తొట్టెలో నీరు ఉన్నదా, రాత్రి గాడిలో గడ్డి మిగిలి ఉన్నదా అని చూడాలి. స్తంభాన్ని చెట్టు క్రిందికి మార్చడం, పగ్గాన్ని పొడిగించి కాళ్ళకు చిక్కుపడకుండా కట్టడం, ఊరేగింపు లేని రోజులలో చుట్టూ దడి కట్టిన ఖాళీ స్థలంలో విడవడం అతని చేతిలో ఉన్న పనులు. శరీర స్థితి సూచిక పరీక్షను అతని చేతిని పట్టుకొని ఆ గుర్రంపైనే నేర్పవచ్చు. దానికి పట్టే సమయం పది నిమిషాలు.