7.4 ఇంటి వర్క్‌షాపులో మిల్లింగ్: కోత పనిముట్టు ఎంపిక

మీరు హిందూపురంలో ఇంటి వెనుక షెడ్డులో చిన్న మిల్లింగ్ యంత్రం పెట్టుకున్నారనుకుందాం. ధర్మవరం నుంచి ఒక మగ్గం విడిభాగం వచ్చింది. మైల్డ్ స్టీల్‌తో చేసిన ఆ భాగంలో 10 మి.మీ. వెడల్పు గాడి కోయాలి. పనిముట్టు విరిగితే మీకు నష్టం, మగ్గం ఆగితే నేతపనివారికి కూలి నష్టం. కాబట్టి ఎంపికలో తొందరపడకూడదు.

పదార్థం: పెనుకొండ సమీపంలోని ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది. అటువంటి పరిశ్రమలకు విడిభాగాలు చేసే సి.ఎన్.సి. యంత్రాలు ఎక్కువగా కార్బైడ్ పనిముట్లు వాడతాయి. కార్బైడ్ గట్టిది, వేడిని తట్టుకుంటుంది, కానీ పెళుసు. యంత్రం కదిలినా, అదిరినా అంచు పెచ్చులూడుతుంది. హైస్పీడ్ స్టీల్ అంత వేగాన్ని తట్టుకోలేదు గానీ అదురును ఓర్చుకుంటుంది, ధర కూడా తక్కువ. చిన్న యంత్రంపై మొదట దీన్నే ఎంచుకోండి.

పళ్ల సంఖ్య: గాడి కోతకు, అల్యూమినియానికి రెండు పళ్ల పనిముట్టు మేలు. పళ్ల మధ్య ఖాళీ ఎక్కువ ఉండటంతో చిప్స్ సులభంగా బయటికి వస్తాయి. స్టీలు అంచులను చదును చేయడానికి నాలుగు పళ్లది వాడండి.

పొడవు: పనిముట్టు బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే, అదే బలానికి వంపు ఎనిమిది రెట్లవుతుంది. అందువల్ల పనికి సరిపోయే పొట్టి పనిముట్టునే కాలెట్‌లో బిగించండి. డ్రిల్ చక్‌లో బిగించకండి. పక్కబలానికి అది జారిపోవచ్చు.

వేగం: నిమిషానికి తిరుగుళ్లు = (1000 × కోత వేగం) ÷ (3.14 × వ్యాసం). మైల్డ్ స్టీల్‌పై హైస్పీడ్ స్టీల్‌కు కోత వేగం నిమిషానికి 25 మీటర్లుగా తీసుకుందాం. 10 మి.మీ. వ్యాసానికి 25000 ÷ 31.4 = సుమారు 800 తిరుగుళ్లు. ఒక్కో పంటికి 0.05 మి.మీ. ఫీడ్ ఇస్తే, రెండు పళ్లకు నిమిషానికి 800 × 2 × 0.05 = 80 మి.మీ. లోతు ఒక్కో పాస్‌కు 1 మి.మీ.తో మొదలుపెట్టండి.

ఇదే గాడికి 10 మి.మీ. కార్బైడ్ పనిముట్టును నిమిషానికి 80 మీటర్ల వేగంతో నడపాలంటే సుమారు 2550 తిరుగుళ్లు కావాలి. మీ యంత్రం 2000 దాటకపోతే, కార్బైడ్‌కు పెట్టిన అదనపు ఖర్చుకు తగిన వేగం మీకు దక్కదు. అందుకే పనిముట్టు కొనేముందు లోహంతోపాటు మీ యంత్రం శక్తిని కూడా లెక్కలోకి తీసుకోండి.

గమనిక: కళ్లద్దాలు తప్పనిసరి. చిప్స్‌ను చేతితో కాక బ్రష్‌తో, యంత్రం ఆపాకే తీయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 6 మి.మీ. హైస్పీడ్ స్టీల్ పనిముట్టుతో అల్యూమినియాన్ని నిమిషానికి 60 మీటర్ల వేగంతో కోయాలంటే ఎన్ని తిరుగుళ్లు కావాలి? మీ యంత్రం గరిష్ఠం 2000 అయితే ఏం చేస్తారు?

జవాబు: సుమారు 3185. యంత్రాన్ని 2000 వద్దే నడిపి, ఒక్కో పంటికి ఇచ్చే ఫీడ్‌ను మార్చకుండా నిమిషపు ఫీడ్‌ను అదే నిష్పత్తిలో తగ్గించాలి.