ఆటోగ్రాఫు పుస్తకంలో ఏ భాష?

స్కూలు వదిలేటప్పుడు స్నేహితురాళ్ళచేత రాయించుకునే ఆటోగ్రాఫు పుస్తకానికి నాలుగు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర వుంది. 1540 ప్రాంతంలో జర్మనీలోని విట్టెన్‌బర్గులో విద్యార్థులు గురువులచేత, మిత్రులచేత నాలుగు మాటలు రాయించుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో జర్మను మాట్లాడేవాళ్ళే అందులో లాటినులోనో, గ్రీకులోనో, హీబ్రూలోనో రాసేవారు. తాము చదువుకున్నవాళ్ళమని తెలియాలి గదా!

ఆ శతాబ్దం చివరికి నెదర్లాండ్సులో స్త్రీలకూ ఇలాంటి పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఎక్కువగా కనిపించేవి ఫ్రెంచి, డచ్చి భాషలు. లాటిను బడి మగపిల్లలకే మరి! ఎవరికి ఏ చదువు అందిందో, ఏది అందలేదో ఆ పేజీలే చెబుతాయి.

అయితే ఒక్కమాట. పేరంటానికి పట్టుచీర కట్టినట్టు, ఆటోగ్రాఫులో ఎవరైనా మంచి భాషే రాస్తారు. వంటింట్లో ఏం మాట్లాడుకున్నారో దాన్నిబట్టి చెప్పలేం. అక్షరదోషాల్లో, పక్కన గీకిన వేళాకోళంలో మాత్రం ఇంటిభాష తొంగిచూస్తుంది.

అందుకని మీ ట్రంకుపెట్టెలోని పుస్తకాన్ని పాతకాగితాలవాడికి వేయకండి. ఎవరు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో రాశారో పక్కన రాసిపెట్టండి. మనం ఏయే భాషల మధ్య పెరిగామో రేపు మనవరాళ్ళకు అదే సాక్ష్యం.