తెల్లపొడి చూసి పేరు పెట్టేయకండర్రా

రండర్రా, అరుగు మీదకి చేరండి. చిన్నోడా, ఆ భూతద్దం కూడా పట్రా, దానితో పనుంది.

ఫెర్న్ అనగానే సెలయేటి గట్టు, చల్లటి నీడ గుర్తొస్తాయి కదూ? కానీ ఎండకి మాడిపోయే బండల సందుల్లో బతికేవీ ఉన్నాయి. మన తూర్పు కనుమల్లో కనిపించే వెండి ఫెర్న్‌ అలాంటిదే. పైన ఆకుపచ్చ, తిప్పి చూస్తే అడుగంతా తెల్లటి పొడి. ఆకుని ముంజేతి మీద పెట్టి అదిమి తీయండి, ఈనెలతో సహా ఆకు బొమ్మ అచ్చు పడిపోతుంది! ఆ పొడి ఆకు మీదుండే సన్నటి నూగు నుంచే ఊరుతుంది. ఎండాకాలంలో ఆకు లోపలికి ముడుచుకుని, ఆ తెల్లటి వైపుని బయటికి పెట్టుకుంటుంది. చచ్చిపోయిందనుకుంటాం. వాన పడనీండి, మళ్ళీ విచ్చుకుంటుంది.

అయితే పొడి ఉన్నదల్లా ఒకటే మొక్క కాదు. అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చి మన దగ్గర స్థిరపడిపోయిన ఫెర్న్‌ ఒకటుంది, పేరు పిటిరోగ్రామా. దానికీ అడుగున తెల్లపొడే, నల్లగా మెరిసే కాడే. మరెలా పోల్చుకోవడం? అంచు చూడాలి. మన వెండి ఫెర్న్‌ ఆకు అంచు, అమ్మ కజ్జికాయ అంచు మడిచినట్టు, లోపలికి మడిచి ఉంటుంది. ఆ మడత కిందే, కొత్త ఫెర్న్‌కి మొదలైన సిద్ధబీజాల సంచులు దాక్కుంటాయి. పిటిరోగ్రామాకి మడత లేదు, సంచులు ఈనెల వెంబడే బయటికి పరుచుకుని ఉంటాయి.

అసలు చిక్కు వెండి ఫెర్న్‌ల సొంత కుటుంబంలోనే ఉంది. అక్కచెల్లెళ్ళు చాలామంది, అందరికీ అదే పొడి, అదే మడత. ఇదిగో, ఇప్పుడు తియ్యరా భూతద్దం. కాడ మొదట్లో చిన్న చిన్న పొలుసులున్నాయి చూడు. కొన్నిటికి పొలుసంతా ఒకే గోధుమరంగు. కొన్నిటికి నడిమధ్య నల్లటి చార, అటూ ఇటూ లేత అంచు. అవి కాడ మొదట్లోనే ఆగిపోయాయా, పైదాకా పాకాయా అన్నదీ చూడాలి. కంటికి ఆనని ఆ పొలుసు దగ్గరే అసలు గుట్టు తెలిసిపోతుంటే నాకెంత ముచ్చటేస్తుందో! 1793లో కలకత్తా బొటానికల్ తోటకి వెళ్ళేదాకా మన సామర్లకోటలో మొక్కలు పెంచిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దొర కూడా ఈ కుటుంబంలో ఒకదానికి పేరు పెట్టాడు. ఆయన 1815లో పోయాడు, ఫెర్న్‌ల మీద ఆయన రాసినవేమో 1844లో గానీ అచ్చవలేదు.

పొలుసులతోనూ తేలకపోతే శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శిని కింద ఒక్కో సంచిలో సిద్ధబీజాలు లెక్కపెడతారు. మామూలుగా 64 ఉంటాయి. కొన్ని రాతి ఫెర్న్‌లకి 32 మాత్రమే, అవీ కాస్త లావుగా. ఎందుకో తెలుసా? మామూలు ఫెర్న్‌లో మగకణం తడిలో ఈదుకుంటూ వెళ్ళి ఆడకణాన్ని కలవాలి. బండ మీద ఆ తడి ఎన్నాళ్ళుంటుంది చెప్పండి? అందుకే ఈ 32 సిద్ధబీజాల ఫెర్న్‌లు ఆ కలయికే మానేశాయి. సిద్ధబీజం నుంచి గోరంత పచ్చటి రేకు మొలుస్తుంది, ఆ రేకులోంచే నేరుగా కొత్త మొక్క లేస్తుంది. తల్లి ఎలా ఉంటే పిల్లా అలాగే.