నంద్యాల ఎంపీ కుదిర్చిన శాంతి: నేటికి మిగిలిన ప్రశ్న

1991 జూన్‌లో ప్రధానమంత్రి అయ్యేనాటికి పి.వి. నరసింహారావు గారు పార్లమెంటు సభ్యులు కారు. ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో ఐదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆళ్లగడ్డతో సహా మన ప్రాంతపు ఓటర్లు పంపిన ఆ ఎంపీయే, 1993 సెప్టెంబరు 7న బీజింగ్‌లో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం కుదిర్చారు.

ఆ ఒప్పందం ఏ భూమి ఎవరిదో తేల్చలేదు. అది తేలేవరకు వాస్తవాధీన రేఖను ఇరువురూ గౌరవించాలని, బలప్రయోగం గానీ బెదిరింపు గానీ ఉండకూడదని చెప్పింది. రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపరాదని 1996లో మరో ఒప్పందం జరిగింది.

ఫ్యాక్షన్‌ను చూసిన మన పల్లెలకు ఇది కొత్త కాదు. తగాదా తేలకపోయినా ముందు కత్తులు దించమని పెద్దలు రాజీ చేస్తారు. అయితే ఒక వర్గం బాగా బలపడితే ఆ రాజీ నిలుస్తుందా?

నేడు చైనా ఆర్థిక వ్యవస్థ మనదానికి నాలుగు రెట్లకు మించింది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు. తుపాకులు పేలలేదు గాని, రక్తం చిందింది.

ఎదుగుతున్న చైనా ఇప్పుడు ప్రపంచానికి కూడా తన పద్ధతినే చూపిస్తోంది. ముందు అభివృద్ధి, ప్రభుత్వాల మధ్య చర్చలు, ఇతరుల ఆంతరంగిక విషయాల్లో జోక్యం వద్దు అన్నదే ఆ పద్ధతి. దానివల్ల మేలు లేకపోలేదు. 2023 మార్చిలో సౌదీ అరేబియా, ఇరాన్‌లు బీజింగ్‌లోనే తిరిగి చేతులు కలిపాయి.

కానీ ప్రభుత్వమే తన ప్రజలను హింసిస్తే ఆ బాధితుల మొర ఎవరు వినాలి? మయన్మార్‌పై భద్రతా మండలిలో వచ్చిన తీర్మానాన్ని 2007 జనవరిలో చైనా, రష్యా వీటో చేశాయి. ఆ దేశంలో కచిన్, చిన్ ప్రజలు ఎక్కువమంది క్రైస్తవులే. అలాగని పెద్ద దేశాలు సైన్యంతో జోక్యం చేసుకుంటే ఏమవుతుందో ఇరాక్‌లో చూశాం.

పోరు ఆపడం మొదటి మెట్టు. దాన్ని తక్కువ చేయరాదు. 1993 తర్వాత సరిహద్దులో ఎన్నో ఏళ్లు ప్రశాంతత దక్కింది. అయితే బలహీనుడి ఫిర్యాదును కూడా విని తీర్పు చెప్పినప్పుడే అది నిలిచే సమాధానం అవుతుంది. దేశాల మధ్యనైనా, మన ఊళ్లో రెండు వీధుల మధ్యనైనా సంఘం అడగవలసింది అదే.