నీటిపై నడచు పురుగు

వానలు కురిసిన పిమ్మట పూర్వపు కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల పరిసరములయందు నాపరాయి తవ్వి విడిచిన గుంతలలో నీరు నిలిచినచో, కొలది దినములకే ఆ నీటిపై పొడవైన కాళ్లు చాచుకొని ఇటునటు ఉరుకు నల్లని పురుగులు కానవచ్చును. వానిని సాలెపురుగులనుకొనువారు కలరు. సాలెపురుగునకు కాళ్లు ఎనిమిది. దీనికి ఆరు, అందును ముందువి రెండు పొట్టివై తలక్రింద ముడిచియుండుటచేత నాలుగే యున్నట్లు తోచును.

నీటిపై మసలు పురుగులను వేరుపరచుటకు మొదట చూడవలసినది నడక. ఒడ్డుదాపున మిక్కిలి సన్నని మేనితో మెల్లగా అడుగులిడునది హైడ్రోమెట్రా. గుంపుగా చేరి గిరగిర తిరుగునది గైరినిడే కుటుంబపు పెంకుపురుగు. దాని కన్ను రెండుగా చీలి, పైభాగము గాలిలోనికిని, క్రిందిభాగము నీటిలోనికిని చూచును. మధ్యకాళ్లను తెడ్లవలె వేసి ఒక్క ఊపున జారిపోవునదియే జెర్రిడే కుటుంబమునకు చెందిన మన పురుగు. నీటబడి కొట్టుకొను ఈగ పుట్టించు అలలను కాళ్లతోనే పసిగట్టి, ముందుకాళ్లతో దానిని ఒడిసిపట్టి, సూదిముక్కు గ్రుచ్చి సారమును పీల్చును.

ఇది మునుగకుండుటకు నీటి తలతన్యతయు, కాళ్లపై గల సూక్ష్మరోమములును కారణములు. ఆ రోమములలోని సన్నని గాళ్లయందు గాలి నిలిచి కాలు తడియనీయదు; ఒక్క కాలే దేహభారమునకు 15 రెట్లు మోయగలదని 2004లో చైనా శాస్త్రజ్ఞులు గావ్, జియాంగ్ తెలిపిరి. గోళ్లు కాలికొనకు కొంచెము వెనుకనుండుటచే నీటిపొర చిరుగదు.

నిగనిగలాడు నల్లని మేనిపై, రొమ్ముభాగమున పసుపు గుర్తులున్నచో అది లిమ్నోగోనస్ ప్రజాతిదని తలపవచ్చును. 1775లో కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్రీసియస్ పేరు పెట్టిన లిమ్నోగోనస్ ఫొస్సారమ్ మన దేశపు చెరువులలో తరచుగా కనబడునదే యైనను, దానిని పోలిన నిటిడస్ అను జాతియు కలదు. రెక్కలను బట్టి తీర్పు చెప్పరాదు. ఒకే జాతిలో రెక్కలున్నవియు లేనివియు పుట్టును. మగపురుగు పొట్టకొనయందలి ఖండములను సూక్ష్మదర్శినితో పరీక్షించినగాని జాతి నిశ్చయము కాదు.

ఇట్టి పరీక్ష ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. చేరువనున్న బిల్లసర్గం గుహలను 1884లో భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ పరిశోధించెను. అచట దొరికిన శిలాజములను పరిశీలించి ప్రకృతిశాస్త్రజ్ఞుడు లిడెక్కర్ ఒక ఖడ్గమృగమునకు కర్నూలు పేర నామకరణము చేసెను. పెద్ద మృగమునకైనను చిన్న పురుగునకైనను అవయవపరీక్షయే ప్రమాణము. కావున గుంతగట్టున నిలిచినవాడు నడకను, కాళ్లను, వీపును చూచి ప్రజాతివరకు చెప్పుట న్యాయము. ఆపైని మాట మగపురుగును సూక్ష్మదర్శిని క్రింద పెట్టినవానికి విడువవలెను.